గోడ చెప్పు మాట

“గోడలకు చెవులుండును” అని మన పెద్దలు చెప్పుదురు. రహస్యము మాటలాడునప్పుడు జాగ్రత్త వహింపవలయునని ఆ సామెతకు భావము. కాని గోడలకు చెవులే కాదు, నోరు కూడ కలదు. అవి తమకు కలిగిన బాధను మనకు చెప్పుచునే యుండును. ఒక సన్నని బీట, ఒక ఎఱ్ఱని మరక, ఒక చెమ్మచార, పిట్టగోడపై మొలచిన ఒక చిన్న రావిమొక్క – ఇవియే గోడల మాటలు. ఆ మాటలను సకాలమున విన్నవారు తమ యిండ్లను, తమవారిని కాపాడుకొందురు. విననివారు చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొందురు.

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మరియొక సామెత. ఇల్లు కట్టుట ఎంత శ్రమతో కూడిన పనియో దానివలన తెలియును. అయితే కట్టినంత మాత్రమున పని ముగియదు. పెండ్లి అయిన పిదప సంసారమును దిద్దుకొనవలసినట్లే, కట్టిన యింటిని ఏటేట చూచుకొనవలయును. ఇంటి లోపలి భాగమును మనము ప్రతిదినము ఊడ్చి తుడిచి శుభ్రపఱచుకొందుము. వెలుపలి భాగమును మాత్రము పండుగకొకసారి తలచుకొందుము. కాని ఎండను, వానను, గాలిని మనకు బదులుగా భరించునది ఆ వెలుపలి భాగమే. దానిని ఎట్లు పరీక్షింపవలయునో, ఎట్లు కాపాడవలయునో ఈ పాఠమున తెలిసికొందము.

నెల్లూరు సీమలో గూడూరునకు సమీపమున చిల్లకూరు అను ఊరు కలదు. చెన్నై, కోల్‌కతా నగరములను కలుపు జాతీయ రహదారి ఆ ప్రక్కగా పోవుచున్నది. ఆ మండలమునకు తూర్పున బంగాళాఖాతము. గాజు తయారుచేయుటకు పనికివచ్చు తెల్లని ఇసుకకు ఆ ప్రాంతము పేరొందినది. అచట వానలు ఎక్కువగా ఈశాన్య ఋతుపవనములవలన, అనగా అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు కురియును. తుపానులు వచ్చుటయు ఆ నెలలలోనే. 1984 నవంబరు 14వ తేదీన ఒక పెనుతుపాను శ్రీహరికోట సమీపమున తీరమును దాటి ఈ ప్రాంతమును అల్లకల్లోలము చేసెను. 2015 నవంబరులో కురిసిన కుండపోత వర్షములు కూడ నెల్లూరు సీమను ముంచెత్తెను. ఇట్టి చోట నివసించువారు తమ గోడలను ఇతరులకంటె శ్రద్ధతో చూచుకొనవలసి యున్నది. తుపాను ఏటేట రాకపోవచ్చును. కాని సముద్రమునుండి వీచు ఉప్పుగాలి ఏడాది పొడవున వీచుచునే యుండును. తుపాను ఒక్క రాత్రిలో చేయు చెఱుపును ఉప్పుగాలి ఇరువది యేండ్లలో చప్పుడు లేకుండ చేయును.

కట్టడమునకు శత్రువులు ముగ్గురు. మొదటిది నీరు, రెండవది మొక్క, మూడవది తుప్పు. ఈ మూటిలో నీరే పెద్దది. మిగిలిన రెండును నీటిని ఆశ్రయించియే బ్రతుకును.

మిద్దెపై కురిసిన వాననీరు తూములగుండ క్రిందికి పోవలయును. తూములో ఎండుటాకులు, పక్షిగూడు పుల్లలు, పిల్లల బంతి అడ్డుపడినచో నీరు మిద్దెపై నిలుచును. నిలిచిన నీరు ఊరకుండదు. అది సన్నని సందును వెదకుకొనును. పిట్టగోడ మొదట, స్లాబునకు గోడకు మధ్యనున్న అతుకున, కిటికీ సజ్జ గోడను కలియుచోట అట్టి సందులు ఉండును. లోనికి ఇంకిన నీరు గోడలోని ఇటుకలయందును సున్నమునందును ఉన్న లవణములను కరిగించుకొని వెలుపలికి వచ్చును. ఎండకు నీరు ఆవిరియై పోగా లవణము తెల్లని పొడివలె గోడపై మిగులును. పూతకు అడుగున ఆ లవణము గడ్డకట్టినప్పుడు పూతను వెలుపలికి నెట్టును. పూత మొదట ఉబ్బును. పిదప పెచ్చులుగా ఊడిపడును. కావున గోడపై తెల్లని ఉప్పుపొడి కనబడినచో దానిని చీపురుతో తుడిచి ఊరకుండరాదు. నీరు ఎచటనుండి వచ్చుచున్నదో కనుగొనవలయును. వ్యాధిని విడిచి మచ్చను మాన్పుట వైద్యము కాదు గదా!

ఇక రెండవ శత్రువు. కాకులు, గోరువంకలు రావిపండ్లను, మఱ్ఱిపండ్లను తిని గోడలపై వ్రాలును. వాని రెట్టలోని విత్తనము చెమ్మగల బీటలో పడి మొలకెత్తును. రెండాకుల మొక్క చూచుటకు ముద్దుగా నుండును. రావిచెట్టు పవిత్రమైనదను భావముచే కొందఱు దానిని పెఱుకుటకు జంకుదురు. కాని గోడపై మొలచిన రావికి నేల లేదు. దాని వేళ్ళు ఇటుకల నడుమ దారి చేసికొనును. వేరు లావగుకొలది బీట వెడల్పగును. “మొక్కై వంగనిది మానై వంగునా?” అను సామెత పిల్లల పెంపకమును గూర్చి పుట్టినదైనను ఇచట అక్షరాల సరిపడును. మొక్కగా నున్నప్పుడు రెండు వ్రేళ్ళతో లాగివేయదగిన దానిని, మానైన పిదప గోడను విప్పనిదే తీయజాలము. పైకొమ్మను మాత్రము నఱికినచో అది మరల చిగిర్చును. వేరుతో సహా తీసి, ఆ రంధ్రమును సున్నపుముద్దతో నింపి మూసివేయవలయును. పెఱికిన మొక్కను నేలలో నాటినచో పుణ్యమునకును లోటు రాదు, గోడకును చేటు రాదు.

మూడవ శత్రువు తుప్పు. ఇది కంటికి కనబడక లోపల పనిచేయును. ఇప్పటి కట్టడములు చాలవఱకు కాంక్రీటుతో కట్టబడుచున్నవి. కాంక్రీటు బరువును మోయగలదు గాని వంపును, లాగుడును ఓర్చుకొనలేదు. అందుచే దానిలో ఇనుపకడ్డీలను ఉంచుదురు. సిమెంటులోని క్షారగుణము కడ్డీ చుట్టును ఒక సన్నని రక్షణపొరను కల్పించును. ఆ పొర ఉన్నంతకాలము ఇనుము చిలుము పట్టదు. కాని కాలక్రమమున గాలిలోని బొగ్గుపులుసు వాయువు కాంక్రీటులోనికి చొచ్చి ఆ క్షారగుణమును తగ్గించును. సముద్రతీరమున దీనికి తోడుగా ఉప్పు కూడ లోనికి ఇంకి ఆ రక్షణపొరను ఛేదించును. అంతట ఇనుము తుప్పుపట్ట నారంభించును.

తుప్పు పట్టిన ఇనుము ఉబ్బును. ఇనుము ఆక్రమించు చోటుకంటె దానినుండి పుట్టిన తుప్పు రెండు మొదలు ఆరు రెట్ల చోటును ఆక్రమించును. రాతివంటి కాంక్రీటులో ఆ చోటు ఎక్కడ నున్నది? కావున తుప్పు కాంక్రీటును లోపలినుండి చీల్చును. మొదట కడ్డీ వెంబడి తిన్నని బీట ఏర్పడును. ఆ బీటగుండ ఎఱ్ఱని నీరు కాఱి మరకలు పడును. పిదప కాంక్రీటు పెచ్చులై ఊడి, నల్లబడిన కడ్డీలు ప్రక్కటెముకలవలె బయటపడును. కడ్డీకి వెలుపల తగినంత మందముగా కాంక్రీటు కప్పుట దీనికి మొదటి రక్ష. మన దేశమున కాంక్రీటు పనులకు ప్రమాణమైన ఐ.ఎస్. 456 అను నియమావళి 2000 సంవత్సరపు ప్రతియందు, సముద్రతీరపు వాతావరణమునకు లోనగు కాంక్రీటులో ఈ కప్పు సాధారణముగా 45 మిల్లీమీటర్లు ఉండవలయునని చెప్పబడినది. అనగా ఇంచుమించు మూడు వ్రేళ్ళ వెడల్పు. కాంక్రీటు కలుపుటకు ఉప్పునీరు తగదనియు ఆ నియమావళి హెచ్చరించుచున్నది. సముద్రపు ఒడ్డున చేతికందు ఇసుకను కడుగకయే వాడుట ఎంత పొరపాటో దీనివలన గ్రహింపవచ్చును.

ఈ సందర్భమున నా జీవితములో జరిగిన ఒక సంగతి చెప్పుట అవసరము. నేను ప్రధానోపాధ్యాయుడనై యున్న ఒకానొక పాఠశాలలో, ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక ఒకనాడు నా గదికి వచ్చెను. ఆమె తండ్రి తాపీమేస్త్రీ. ఆమె గుమ్మమువద్ద నిలిచి, “సార్! మా తరగతి కిటికీ మీది సజ్జ అడుగున ఎఱ్ఱని చార దిగినది. లోపల కడ్డీ చెడితే అట్లా దిగుతుందని మా నాయన చెప్తాడు” అనెను.

నేను పనిలో నుండి తల యెత్తక, “సరేనమ్మా, సంక్రాంతికి ముందు వెల్ల వేయించుదములే” అంటిని.

చెప్పినట్లే వెల్ల వేయించితిని. పాఠశాల పాలవలె తెల్లనయ్యెను. ఎఱ్ఱని చార మాసిపోయెను. దానితో నా మనస్సులోని శంక కూడ మాసిపోయెను. “పైన పటారము, లోన లొటారము” అను సామెతను తరగతిలో ఎన్నిసార్లు బోధించితినో నాకే తెలియదు. అది నా పాఠశాల గోడకే వర్తించునని నాకు తోచలేదు.

మరుసటి యేడు నవంబరులో మూడుదినములు ఎడతెగక వాన కురిసెను. ఆదివారమునాటి రాత్రి ఆ సజ్జ అంచు ఊడిపడెను. సోమవారము ఉదయమున పోయి చూతును గదా, బారెడు పొడవు కాంక్రీటు ముక్క నేలపై ముక్కలై యున్నది. అది పడినచోటు మధ్యాహ్నవేళ పిల్లలు వరుసగా కూర్చుండి అన్నము తినుచోటు! ఒక్క పూట తేడాతో గొప్ప ఆపద తప్పినది. పిల్లలందఱు చుట్టును చేరి చూచుచుండిరి. ఆ బాలిక కూడ వారిలో నుండెను. ఆమె ఆ ముక్కను చూచి, పిదప నా వంక చూచెను. ఒక్క మాటయైనను అనలేదు. నా ఉద్యోగజీవితమున ఏ పై అధికారియు నన్ను అంత గట్టిగా మందలించి యుండలేదు.

ఆ దినముననే ఆమె తండ్రిని పిలిపించితిని. అతడు నిచ్చెన వేసికొని, చేతిలో చిన్న కొయ్యసుత్తి పట్టుకొని సజ్జలన్నిటిని తట్టి చూచెను. “వినండయ్యా! గట్టిగా ఉన్నచోట కణకణమంటుంది. విడిపోయినచోట డొల్లగా పలుకుతుంది. కుండ కొనేటప్పుడు తట్టి చూడమా? ఇదీ అంతే” అని అతడు నాకు పాఠము చెప్పెను. పండ్రెండు సజ్జలలో మఱి మూడు డొల్లగా పలికెను. ఇంజనీరు వచ్చి పరీక్షించు వఱకు వాని క్రిందికి ఎవ్వరును పోకుండ త్రాళ్ళు కట్టించితిమి. పిదప చెడిన కాంక్రీటును తొలగించి, కడ్డీల తుప్పును గీకి శుభ్రపఱచి, మిక్కిలి చెడిన కడ్డీలకు క్రొత్తవి జోడించి, మరల కాంక్రీటు వేసిరి. నాటినుండి నేను ఒక నియమము పెట్టుకొంటిని: వెల్ల వేయుటకు ముందు చూడవలయును, చూచినది వ్రాయవలయును, వ్రాసినది బాగుచేసిన పిదపనే వెల్ల వేయవలయును.

ఇది ఒక చిన్న సజ్జ సంగతి. ఇక ఒక మహాగోపురము సంగతి వినుడు. చిల్లకూరునుండి నాయుడుపేట మీదుగా దక్షిణ పశ్చిమములకు పోయినచో స్వర్ణముఖీ నదీతీరమున శ్రీకాళహస్తి క్షేత్రము కలదు. అచట శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఏడంతస్తుల రాజగోపురమును కట్టించెను. దాని యెత్తు ఇంచుమించు 136 అడుగులు. క్రింద రాతికట్టడము, దానిపై ఇటుక, సున్నములతో లేచిన అంతస్తులు. ఇంచుమించు ఐదువందల యేండ్లు అది ఎండకు ఎండి, వానకు తడిసి, గాలులకు ఎదురొడ్డి నిలిచెను. దూరమునుండి వచ్చు యాత్రికులు ముందుగా దానిని చూచియే చేతులు జోడించెడివారు.

ఆ గోపురమునకు నిలువుగా బీట ఏర్పడెను. 2010 మే నెలలో ఆ బీట అందఱకు భయము గొలుపునట్లు వెడల్పయ్యెను. అధికారులు పరిసరములలో నివసించువారిని, అంగళ్ళవారిని ఖాళీచేయించి, రాకపోకలను ఆపివేసిరి. మే 26వ తేదీ రాత్రి గోపురము కుప్పకూలెను. ఐదువందల యేండ్ల చరిత్ర కొన్ని నిమిషములలో మట్టిగుట్ట యయ్యెను. కాని మనుష్యులెవ్వరును ప్రాణములు కోల్పోలేదు. పిమ్మట అచటనే క్రొత్త రాజగోపురము నిర్మింపబడి, 2017లో కుంభాభిషేకము జరిగెను.

బాలబాలికలారా! ఈ వృత్తాంతమున రెండు నీతులు కలవు. బీటను చూచి జనులను తొలగించుటచే ప్రాణములు దక్కెను. ఇది పరీక్షవలని ఫలము. కాని బీట అంతవఱకు ముదిరిన పిదప ఆ గోపురమును దక్కించుకొనుటకు ఎవ్వరివలనను కాలేదు. ఇది ఆలస్యమువలని ఫలము. పరీక్ష ప్రాణములను కాపాడును. సకాలమున చేసిన మరమ్మతు కట్టడమును కూడ కాపాడును. రెండును కావలయును.

మన పూర్వులకు ఈ సంగతి తెలియును. వారు గానుగలో ఎద్దులచే నూఱించిన సున్నమును వాడెడివారు. దానిలో బెల్లపునీరు, కరక్కాయ కషాయము కలుపుట ఆచారము. పులికాటు సరస్సునందు దొరకు గుల్లలను కాల్చి చేసిన సున్నము తీరప్రాంతమున ప్రసిద్ధము. సున్నపుపూత కొంచెము మెత్తనిది. గోడలోని చెమ్మను వెలుపలికి పోనిచ్చును. పాతకాలపు సున్నపుగోడపై గట్టి సిమెంటు పూసినచో చెమ్మ లోపలనే చిక్కుకొని, ఇటుకలను తినివేయును. కావున పాత గోడకు పాత మందే తగును. ఎంత ఘనమైన కట్టడమునకైనను ఈ శ్రద్ధ తప్పదు. 1591లో నిర్మింపబడిన హైదరాబాదు చార్మినారు మీనారునుండి 2019 మే నెలలో గచ్చుపని ముక్క యొకటి ఊడి క్రిందపడెను. నిత్యము వేలకొలది జనులు తిరుగు చోట అట్టి ముక్క ఎంత ప్రమాదకరమో వేఱుగ చెప్ప నక్కఱలేదు.

ఇట్టి ప్రమాదములు మన దేశమునకే పరిమితములు కావు. అమెరికాలోని న్యూయార్కు నగరమున 1979లో ఒక భవనపు పై భాగమునుండి కట్టుబడి ముక్క ఊడి, వీధిలో నడచిపోవుచున్న ఒక కళాశాల విద్యార్థినిపై పడెను. ఆమె మరణించెను. ఆమె చేసిన తప్పు ఏమియు లేదు, దారిని పోవుటయే. ఆ దుర్ఘటన నగరవాసుల హృదయములను కలచివైచెను. మరుసటి యేడు, అనగా 1980లో, ఆ నగరము ఒక శాసనమును చేసెను. దాని ప్రకారము ఆరంతస్తులకంటె ఎత్తైన భవనముల వెలుపలి గోడలను ఐదేండ్లకొకసారి నిపుణులచే పరీక్షింపజేయుట యజమానుల విధి. 1998లో ఆ శాసనమును ఇంకను కట్టుదిట్టము చేసిరి. ఒక నిండుప్రాణము పోయిన పిదప గాని ఆ నగరమునకు గోడల మాట వినబడలేదు.

మన దేశమున, 2025 జూలై 25వ తేదీ ఉదయమున, రాజస్థాన్ రాష్ట్రములోని ఝాలావాడ్ జిల్లాకు చెందిన పిప్లోదీ గ్రామమున ప్రభుత్వ పాఠశాల కప్పు కూలి 7గురు పిల్లలు మరణించిరి. వారు మీవలె పుస్తకముల సంచులతో బడికి వచ్చినవారు. కప్పు కూలుటకు ముందు పైనుండి చిన్నచిన్న రాళ్ళు రాలినట్లు పిల్లలు చెప్పిరని పత్రికలలో వార్తలు వెలువడెను. ఈ వార్త చదివిననాడు నాకు మా పాఠశాలలోని ఆ బాలిక జ్ఞాపకము వచ్చెను. చూచినవారు చెప్పుట ఒక విధి. విన్నవారు కదలుట అంతకంటె పెద్ద విధి.

ఇక మీరు చేయదగిన పని యేమి? మీరు నిచ్చెన లెక్కనక్కఱలేదు, మిద్దె అంచున నిలువనక్కఱలేదు, సుత్తి పట్టనక్కఱలేదు. అవి పెద్దల పనులు. మీకు కన్నులు, ఒక పుస్తకము, ఒక పెన్సిలు చాలును. మీ యింటి చుట్టును, మీ బడి చుట్టును నేలపై నిలిచి, గోడకు దూరముగా నడచుచు పైనుండి క్రిందికి చూడుడు. పిట్టగోడ నిటారుగా నున్నదా, వెలుపలికి వ్రాలినదా? తూములనుండి నీరు తిన్నగా పడుచున్నదా, గోడవెంబడి కాఱి పాచి పట్టుచున్నదా? సజ్జల అడుగున ఎఱ్ఱని మరకలున్నవా? పూత ఎచటనైన ఉబ్బినదా? మొక్కలు మొలచినవా? పెంకుటిల్లయినచో పెంకులు జాఱినవా, వాసములకు చెదలు పట్టినదా? మిద్దెపైని నీటితొట్టి, విద్యుత్తీగల కొక్కెములు, నామఫలకములు గట్టిగా నున్నవా? గోడ మొదట వాననీరు గుంటకట్టి పునాదిని తడుపుచున్నదా?

బీట కనబడినచో భయపడనక్కఱలేదు. దాని స్వభావమును గ్రహింపవలయును. పూతపై సాలెగూడువలె అల్లుకొన్న సన్నని బీటలు సాధారణముగా పూతకే పరిమితములు. కాని కిటికీ మూలనుండి మెట్లుమెట్లుగా వాలుగా దిగిన బీట, గోడకు ఇరువైపుల కనబడు బీట, ఒక కొన సన్నగను ఒక కొన వెడల్పుగను ఉన్న బీట, పునాది క్రుంగుటవలన కలుగవచ్చును. నిన్నటివఱకు చక్కగా మూసికొనుచుండిన తలుపు నేడు బిగిసినచో అదియు ఒక హెచ్చరికయే. అందుబాటులోనున్న బీట కొనలయందు పెన్సిలుతో చిన్న గీత గీసి, ప్రక్కన తేదీ వ్రాయింపుడు. నెల గడచిన పిదప బీట ఆ గీతను దాటినచో అది పెరుగుచున్నదని అర్థము. ఇంజనీర్లు బీటకు అడ్డముగా సన్నని గాజుపలకను అతికింతురు. గోడ కదలినచో గాజు పగులును. నాడిని పట్టి జ్వరమును తెలిసికొను వైద్యునివలె వారు ఆ గాజుపలకచే గోడ కదలికను తెలిసికొందురు.

పరీక్షకు కాలమును కూడ నిర్ణయించుకొనవలయును. మన ప్రాంతమున ఏటికి రెండు పర్యాయములు చూచుట మంచిది. ఈశాన్యపు వానలు రాకముందు, సెప్టెంబరులో ఒకసారి. అప్పుడు తూములు శుభ్రపఱచి, మొక్కలు పెఱికించి, సందులు మూయింపవలయును. వానలు వెలసిన పిదప, సంక్రాంతికి వెల్ల వేయుటకు ముందు మరియొకసారి. అప్పుడు చెమ్మజాడలు ఇంకను ఆఱక స్పష్టముగా కనబడును. తుపాను వచ్చి పోయినప్పుడు ఈ రెంటితో నిమిత్తము లేకుండ వెంటనే చూడవలయును. చూచిన దానిని తేదీతో వ్రాసి ప్రధానోపాధ్యాయునకు గాని, ఇంటి పెద్దలకు గాని ఇయ్యవలయును. వారు పూనుకొని మేస్త్రీని, అవసరమైనచో ఇంజనీరును పిలిపింతురు. పైనుండి ముక్కలు రాలుచున్నను, పెద్ద బీట హఠాత్తుగా వెడల్పైనను క్షణమైన ఆలస్యము చేయక ఆ చోటు విడిచి, ఇతరులను కూడ పిలుచుకొని దూరముగా పోవలయును. పుస్తకములకై, చెప్పులకై వెనుకకు పోరాదు.

ఈ పనికి ఖర్చు ఎంతయగునని కొందఱు వెనుదీయుదురు. మూసికొనిపోయిన తూమును శుభ్రము చేయుటకు ఒక కఱ్ఱయు అరగంట కాలమును చాలును. ఆ పని చేయనిచో పూత పోవును. పూత పోయిన పిదప మేలుకొనినచో మేస్త్రీ కూలి, సిమెంటు ఖర్చు అగును. అప్పటికిని మేలుకొననిచో కడ్డీలు పోవును. కడ్డీలు పోయినచో స్లాబే పోవును. ఏ దశలో మేలుకొందుమో ఆ దశకు తగిన వెల చెల్లింపక తప్పదు. మొదటి దశలో మేలుకొన్నవాడే తక్కువ వెల చెల్లించును. చివరి దశలో వెల రూపాయలలో నుండకపోవచ్చును.

ఆ బాలిక చదువు ముగించుకొని వెడలునప్పుడు, మా పాఠశాల భవన పరీక్షా పుస్తకములోని మొదటి పుటను ఆమెచేతనే వ్రాయించితిని. “తూర్పు వరుస, మూడవ కిటికీ, సజ్జ అడుగున ఎఱ్ఱని చార” అని ఆమె ముత్యములవంటి అక్షరములతో వ్రాసెను. నేను ఒక యేడు ముందుగా వ్రాయవలసిన మాట అది. తేదీవద్ద ఆమె నన్ను, “సార్! ఏ తేదీ వేయమంటారు? నేను చెప్పిన తేదీయా, పడిన తేదీయా?” అని అడిగెను. “నీవు చెప్పిన తేదీయే వేయుమమ్మా” అంటిని.

గోడలు తమ మాట తాము చెప్పుచునే యున్నవి. వినుటకు చెవులు మనకు కలవు. నేటి సాయంకాలము బడి విడిచిన పిదప, ఇంటికి పోవుటకు ముందు, ఒక్క పర్యాయము తలయెత్తి మీ బడి గోడవంక చూడుడు.

ప్రశ్నలు

1. కట్టడమునకు గల ముగ్గురు శత్రువులు ఎవరు? వారిలో నీరు పెద్దదని రచయిత ఏల చెప్పెను?
2. ఇనుము తుప్పుపట్టినచో కాంక్రీటు ఎట్లు చెడునో వివరింపుడు. సముద్రతీరమున ఈ భయము ఎక్కువ యగుటకు కారణమేమి?
3. శ్రీకాళహస్తి రాజగోపురపు వృత్తాంతమునుండి తెలియు రెండు నీతులు ఏవి?
4. “వెల్ల వేయుటకు ముందు చూడవలయును” అను నియమము రచయితకు ఎట్లు కలిగెను?
5. పుస్తకముపై ఏ తేదీ వేయవలయునని బాలిక అడుగుటలోని భావమేమి?
6. మీ పాఠశాల భవనమును వెలుపలినుండి చూచి, మీరు గమనించిన అంశములను తేదీతో ఒక పుటలో వ్రాయుడు.